రీస్టోర్ తర్వాత క్వెరీల మందగమనం

బ్యాకప్ నుంచి తిరిగి నిలబెట్టిన డేటాబేస్‌లో రికార్డులన్నీ సరిగ్గా ఉన్నా, అంతకుముందు చిటికెలో జవాబిచ్చిన క్వెరీలు నిమిషాల తరబడి నడవడం డేటాబేస్ నిర్వాహకులకు బాగా పరిచయమైన సమస్య. ఎర్రర్ ఏదీ రాదు. రికార్డుల లెక్క పాతదానితో సరిపోతుంది. అయినా అప్లికేషన్ టైమవుట్ అవుతూనే ఉంటుంది. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, ఒరాకిల్ అన్నింట్లోనూ ఇది కనిపిస్తుంది. కారణాలు ఒక్కో ఇంజన్‌లో ఒక్కో రకంగా ఉన్నా మూలం మాత్రం ఒకటే. బ్యాకప్ కాపాడేది డేటాను. ఆ డేటా గురించి సర్వర్ అన్నాళ్ళుగా తెలుసుకున్న సంగతులు, అంటే గణాంకాలు, మెమరీలో నిలిచిన పేజీలు, యంత్రానికి తగ్గట్టు సరిచేసుకున్న సెట్టింగులు, బ్యాకప్ పద్ధతిని బట్టి కొన్నో అన్నీనో పాత యంత్రంలోనే ఉండిపోతాయి.

ఈ వ్యాసంలో పోస్ట్‌గ్రెస్‌కు పెద్దపీట వేశాం. దాని సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది కాబట్టి ప్లానర్ ఏ అంకెలు వాడుతుందో ఊహించే పని లేదు, చదివి చెప్పవచ్చు.

ఏది వస్తుంది, ఏది రాదు

బ్యాకప్‌లు ప్రధానంగా రెండు తరహాలు. టేబుళ్ళ నిర్మాణాన్నీ రికార్డులనూ ఎస్‌క్యూఎల్ ఆదేశాలుగానో, దానికి సమానమైన మరో ఫార్మాట్‌లోనో రాసిపెట్టుకునేది లాజికల్ బ్యాకప్. పోస్ట్‌గ్రెస్‌లో పీజీడంప్, మైఎస్‌క్యూఎల్‌లో మైఎస్‌క్యూఎల్‌డంప్, ఒరాకిల్‌లో డేటా పంప్ చేసే పని ఇది. రీస్టోర్‌లో టేబుళ్ళు కొత్తగా పుడతాయి, రికార్డులు కొత్తగా ఎక్కుతాయి. డిస్కు మీది ఫైళ్ళను ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసేది ఫిజికల్ బ్యాకప్. పీజీబేస్‌బ్యాకప్, ఎక్స్‌ట్రాబ్యాకప్, ఆర్‌మ్యాన్, ఎస్‌క్యూఎల్ సర్వర్ సొంత బ్యాకప్ ఆదేశం, క్లౌడ్ స్నాప్‌షాట్లు ఈ కోవలోవి.

మందగమనం ఎదురైతే మొదట అడగాల్సింది ఈ రెంటిలో ఏది జరిగిందని. ఫిజికల్ బ్యాకప్‌లో క్వెరీ ప్లానింగ్‌కు కావలసిన గణాంకాలు సిస్టమ్ టేబుళ్ళతోపాటే వచ్చేస్తాయి. కాబట్టి అక్కడ అనుమానం డిస్కు మీదికి, మెమరీ మీదికి, సెట్టింగుల మీదికి వెళ్ళాలి. లాజికల్ బ్యాకప్‌లో ముందుగా అనుమానించాల్సింది గణాంకాలనే. నిజానికి లాజికల్ రీస్టోర్ వేగం పెంచాలి. ఏళ్ళ తరబడి అప్‌డేట్లు, డిలీట్లు జరిగి ఉబ్బిపోయిన టేబుళ్ళు ఖాళీ జాగాలు లేకుండా బిగువుగా తయారవుతాయి, ఇండెక్సులు చిన్నవవుతాయి. రెండొందల జీబీల డేటాబేస్ రీస్టోర్ తర్వాత నూటఇరవై జీబీలకు దిగిందంటే డేటా పోయిందని కంగారు పడనక్కర్లేదు. అంత సన్నబడిన డేటాబేస్ పాతదానికంటే నెమ్మదిగా నడుస్తోందంటే, దానికి దారి చూపేవాళ్ళు లేరన్నమాట.

గణాంకాలు లేని ప్లానర్

ఒక క్వెరీని అమలు చేయడానికి దారులు చాలా ఉంటాయి. టేబుల్‌ను మొదటినుంచి చివరిదాకా చదవాలా, ఇండెక్స్ పట్టుకుని వెళ్ళాలా? రెండు టేబుళ్ళను కలపడానికి నెస్టెడ్ లూప్ మేలా, హ్యాష్ జాయిన్ మేలా? ముందు ఏ టేబుల్‌తో మొదలుపెట్టాలి? ఇవన్నీ తేల్చేది ప్లానర్. దీన్నే ఆప్టిమైజర్ అని కూడా అంటారు. ఒక్కో దారికి ఎంత ఖర్చవుతుందో అంచనా వేసి చవకైనదాన్ని ఎంచుకునే ఈ పద్ధతికి పునాది వేసింది 1979లో వెలువడిన ఒక పరిశోధన పత్రం. ఐబీఎం శాన్‌హోజే పరిశోధనాలయంలో సిస్టమ్ ఆర్ ప్రాజెక్టులో పనిచేసిన పట్రీషియా సెలింజర్, ఆమె సహచరులు దాన్ని రాశారు. గణాంకాలు దొరకనప్పుడు ఏ అంకె వేసుకోవాలో కూడా అందులోనే ఉంది. 'ఇంతకు సమానం' అనే షరతుకు పదో వంతు రికార్డులు, 'ఇంతకంటే ఎక్కువ' అనే షరతుకు మూడో వంతు, రెండు విలువల మధ్య అంటే నాలుగో వంతు.

ఆ మూడో వంతు పోస్ట్‌గ్రెస్‌లో నేటికీ అలాగే ఉంది. సమానత్వ షరతుకు మాత్రం పోస్ట్‌గ్రెస్ వేరే అంకె వాడుతుంది. కాలమ్‌లో 200 వేర్వేరు విలువలు ఉన్నాయనుకుని, షరతుకు 0.5 శాతం రికార్డులు తగులుతాయని లెక్కగడుతుంది. కాలమ్ ఖాళీగా, అంటే నల్‌గా, ఉందా అని అడిగే షరతుకూ అదే 0.5 శాతం. ఇవి ఎవరి డేటాకూ సంబంధించిన అంకెలు కావు, ఏమీ తెలియనప్పుడు ఏదో ఒకటి అనుకోక తప్పదు కాబట్టి అనుకున్నవి.

మామూలు రోజుల్లో ఈ ఊహల అవసరం రాదు. అనలైజ్ అనే ఆదేశం ప్రతి టేబుల్‌లోంచి నమూనాగా కొన్ని రికార్డులు తీసుకుని, ప్రతి కాలమ్‌లో తరచుగా కనిపించే విలువలేవి, వాటి వాటా ఎంత, మిగతా విలువలు ఎలా పరుచుకున్నాయి, నల్‌లు ఎన్ని, డిస్కు మీది వరసకూ విలువల వరసకూ పొత్తు ఎంత అని లెక్కగట్టి దాచిపెడుతుంది. డిఫాల్ట్ సెట్టింగులో నమూనా పరిమాణం 30,000 రికార్డులు. టేబుల్ పది లక్షలదైనా పది కోట్లదైనా నమూనా అంతే కనుక ఈ పని చాలా త్వరగా ముగుస్తుంది. పోస్ట్‌గ్రెస్ 17 వరకూ పీజీడంప్ ఈ గణాంకాలను ఫైల్లో రాయదు. రీస్టోర్ అయిన టేబుళ్ళు ప్లానర్‌కు కొత్త ముఖాలే. వీధులన్నీ తెలిసిన పోస్ట్‌మ్యాన్ బదిలీ అయి, పిన్‌కోడ్ తప్ప మరేమీ తెలియని కొత్తమనిషి వచ్చినట్టు.

ఫలితం ఎలా ఉంటుందో ఒక ఊహా ఉదాహరణతో దగ్గరగా చూద్దాం. ఆర్డర్ల టేబుల్‌లో 2 కోట్ల రికార్డులున్నాయి. తొలగించిన ఆర్డర్లను నిజంగా చెరిపేయకుండా 'తొలగించిన తేదీ' అనే కాలమ్‌లో తేదీ వేసి వదిలేస్తారు. కాబట్టి దాదాపు అన్ని రికార్డుల్లోనూ ఆ కాలమ్ నల్‌గానే ఉంటుంది. తొలగించని ఆర్డర్లలో గుంటూరు జిల్లావి తీసి, ఒక్కోదానికీ కస్టమర్ టేబుల్‌లోంచి పేరు జతచేయమని రిపోర్టు అడుగుతుంది. నిజంగా తేలేవి 8 లక్షల ఆర్డర్లు. గణాంకాలు లేని ప్లానర్ మాత్రం జిల్లా షరతుకు 0.5 శాతం, నల్ షరతుకు 0.5 శాతం వేసుకుని రెంటినీ గుణిస్తుంది. 2 కోట్లలో అది కేవలం 500 రికార్డులు. ఐదొందల ఆర్డర్లకు కస్టమర్ పేర్లు వెతకడానికి నెస్టెడ్ లూప్ చక్కగా సరిపోతుంది కాబట్టి దాన్నే ఎంచుకుంటుంది. నడిచేటప్పుడు మాత్రం కస్టమర్ ఇండెక్స్‌లోకి 500 సార్లు కాదు, 8 లక్షల సార్లు దిగాల్సి వస్తుంది. ఒక్కో వెతుకులాటకు 0.1 మిల్లీసెకను పట్టినా మొత్తం 80 సెకన్లు. కస్టమర్ టేబుల్‌ను ఒక్కసారి చదివి మెమరీలో హ్యాష్ కట్టుకుని ఉంటే కొన్ని సెకన్లలో తెమిలే పని అది.

ఈ తప్పు, క్వెరీని నడిపి దాని ప్లాన్‌ను కొలతలతో చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ నివేదికలో కనిపిస్తుంది, కానీ చూపు ఎక్కడ పెట్టాలో తెలియాలి. కస్టమర్ ఇండెక్స్ వరుస దగ్గర కనిపించే సమయం 0.1 మిల్లీసెకను మాత్రమే. 'ఇదేం నెమ్మది కాదే' అని దాటిపోతే కారణం చేజారినట్టే. ఆ అంకె ఒక్క చుట్టుకు సగటు. పక్కనే లూప్స్ అని 8,00,000 ఉంటుంది. రెంటినీ గుణిస్తేనే అసలు ఖర్చు తేలుతుంది. దానికి ముందు, ఆర్డర్ల వరుసలో అంచనా రికార్డులు 500, వాస్తవ రికార్డులు 8,00,000 అని రెండు అంకెలూ పక్కపక్కనే ఉంటాయి. ఈ రెంటి మధ్య పదిరెట్లకు మించిన తేడా ఎక్కడ మొదలైందో కింది కొమ్మలనుంచి పైకి చదువుతూ పట్టుకోవాలి. పై వరుసల్లోని తప్పులన్నీ సాధారణంగా అక్కడినుంచి పుట్టినవే.

రీస్టోర్ తర్వాత ఏవి బాగుంటాయి, ఏవి చెడతాయి అన్నది కూడా ఒక ఆనవాలే. ప్రైమరీ కీతో ఒకే రికార్డును తెచ్చే క్వెరీ గణాంకాలు లేకపోయినా వేగంగానే ఉంటుంది. యూనిక్ ఇండెక్స్ ఉన్న కాలమ్‌లో ఒక విలువకు ఒకే రికార్డు ఉంటుందని ప్లానర్‌కు ఇండెక్స్ నిర్మాణాన్ని బట్టే తెలుసు. టేబుల్ ఎంత పెద్దదో కూడా ఫైలు పరిమాణాన్ని బట్టి తెలుసుకోగలదు. కాబట్టి లాగిన్ పేజీ పనిచేస్తుంది, ఒక ఆర్డరు వివరాల పేజీ తెరుచుకుంటుంది, నాలుగైదు టేబుళ్ళు కలిపే రిపోర్టులు మాత్రం కూలబడతాయి. రీస్టోర్ అయిన రాత్రి రెండు పేజీలు తెరిచి చూసి 'అంతా బాగుంది' అని ప్రకటించేవాళ్ళను ఉదయం పదింటికి నిలదీసేది ఈ తేడాయే.

అంచనాల తప్పు ఎంత దూరం పోతుందో పరిశోధకులు బాగానే కొలిచారు. 2015లో విక్టర్ లైస్ బృందం ఐఎండీబీ సినిమా డేటా మీద 113 క్వెరీలతో పలు డేటాబేస్‌లను పరీక్షించి, చెడ్డ ప్లాన్లకు ప్రధాన కారణం ఖర్చు సూత్రాలు కాదు, రికార్డుల సంఖ్య అంచనాల్లోని తప్పులేనని చూపింది. జాయిన్లు పెరిగేకొద్దీ ఆ తప్పులు గుణించుకుంటూ పోతాయి. మన దేశంలో ఈ రంగంలో చెప్పుకోదగ్గ పని బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో జరిగింది. జయంత్ హరిత్స బృందం రూపొందించిన పికాసో అనే పరికరం, షరతుకు తగిలే రికార్డుల వాటా మారేకొద్దీ ఆప్టిమైజర్ ఏ ప్లాన్ నుంచి ఏ ప్లాన్‌కు దూకుతుందో రంగుల పటంగా గీసి చూపిస్తుంది. వాణిజ్య డేటాబేస్‌ల పటాలు కొన్ని ముక్కలు ముక్కలుగా అతికిన బొంతలా ఉంటాయి. వాటాలో చిన్న మార్పుకే ప్లాన్ మారిపోతుంటే, వాటా మొత్తం ఊహే అయిన రీస్టోర్ తర్వాత ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

మందు తేలికే: అనలైజ్ ఆదేశాన్ని డేటాబేస్ మొత్తం మీద నడపాలి. పేరు దగ్గర కొత్తవాళ్ళు తికమకపడుతుంటారు. ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ క్వెరీని నడిపి కొలుస్తుంది తప్ప గణాంకాలు సేకరించదు. అనలైజ్ విడి ఆదేశం. డేటాబేస్ చాలా పెద్దదైతే వాక్యూమ్‌డీబీ పనిముట్టులో 'దశలవారీ విశ్లేషణ' సదుపాయం 9.4 నుంచి ఉంది. మొదటి దశలో నమూనా పరిమాణాన్ని బాగా తగ్గించి ముతక గణాంకాలు తెస్తుంది, రెండో దశలో కాస్త మెరుగైనవి, మూడో దశలో పూర్తివి. సైటును త్వరగా తెరవాల్సి వచ్చినప్పుడు ఇది ఆదుకుంటుంది. గణాంకాలు ఇప్పటికే ఉన్న డేటాబేస్ మీద మాత్రం నడపకూడదు. మంచి గణాంకాలను కాసేపు ముతకవాటితో చెరిపేస్తుంది.

పాత రికార్డుల చెత్త ఊడ్చే వాక్యూమ్‌నూ, అనలైజ్‌నూ వెనకాల తనంతట తానే నడిపే ఆటోవాక్యూమ్ ఉంది కదా, అదే చూసుకుంటుంది అనే ధీమా సగమే నిజం. అది నిమిషానికోసారి మేల్కొని, పదిశాతానికి మించి మారిన టేబుళ్ళను అనలైజ్ చేస్తుంది. కానీ డిఫాల్ట్‌గా పనివాళ్ళు ముగ్గురే. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి కొత్తగా ఎక్కిన రికార్డులు కూడా వాక్యూమ్‌ను రేపుతాయి. ఒక టేబుల్‌కు రెండూ అవసరమైతే ముందు వాక్యూమ్, తర్వాతే అనలైజ్. పెద్ద టేబుల్ వాక్యూమ్ గంటల తరబడి సాగితే దాని గణాంకాలూ అన్ని గంటలు ఆగుతాయి. 'రాత్రంతా నెమ్మదిగా ఉంది, పొద్దున్నకి దానంతట అదే బాగైంది' అనే కథల వెనక తరచుగా ఉండేది ఇదే. ఆ కథల్లో సర్వర్‌ను రీస్టార్ట్ చేసినవారికి దక్కిన పేరు నిజానికి ఆటోవాక్యూమ్‌ది. పార్టిషన్లుగా విడగొట్టిన టేబుళ్ళలో తల్లి టేబుల్‌ను మాత్రం ఆటోవాక్యూమ్ ఎన్నడూ అనలైజ్ చేయదు. దాన్ని చేత్తో చేయాల్సిందే.

మొదటి స్పర్శ ఖర్చు

గణాంకాలు సరిగా ఉన్నా కొత్త సర్వర్ కాసేపు నెమ్మదిగానే ఉంటుంది. మెమరీ ఖాళీగా ఉండటం దీనికి మొదటి కారణం. పాత సర్వర్‌లో తరచుగా వాడే పేజీలు పోస్ట్‌గ్రెస్ షేర్డ్ బఫర్లలోనో ఆపరేటింగ్ సిస్టమ్ క్యాష్‌లోనో నిలిచి ఉండేవి. ఇప్పుడు ప్రతిదీ డిస్కు నుంచి రావాలి. ఎక్స్‌ప్లెయిన్‌కు బఫర్స్ అనే మాట జతచేస్తే, ఎన్ని పేజీలు బఫర్లలోనే దొరికాయో, ఎన్ని బయటినుంచి చదవాల్సి వచ్చిందో విడివిడిగా చెబుతుంది. అదే క్వెరీ రెండోసారి నడిపితే వేగం అందుకుందంటే జబ్బు ఇదే, ఓపిక పట్టవచ్చు. పట్టలేనివాళ్ళకు పీజీప్రీవార్మ్ అనే ఎక్స్‌టెన్షన్ ముఖ్యమైన టేబుళ్ళను ముందే మెమరీలోకి లాగుతుంది.

రెండోది అంతగా కంటికి కనిపించదు. ఒక పేజీలోని రికార్డులన్నీ అందరికీ కనిపించేవేనా అన్నది పోస్ట్‌గ్రెస్ విజిబిలిటీ మ్యాప్ అనే చిన్న ఫైలులో గుర్తుపెట్టుకుంటుంది. ఆ గుర్తులు ఉంటేనే ఇండెక్స్-ఓన్లీ స్కాన్ టేబుల్ జోలికి వెళ్ళకుండా ఇండెక్స్‌తో పని ముగించగలదు. లాజికల్ రీస్టోర్ తర్వాత ఈ మ్యాప్ ఖాళీ. ప్లాన్‌లో ఇండెక్స్-ఓన్లీ అని రాసి ఉన్నా, కింద హీప్ ఫెచెస్ అంకె లక్షల్లో ఉంటుంది. అనలైజ్ దీన్ని సరిచేయదు, వాక్యూమ్ చేస్తుంది. అందుకే రీస్టోర్ తర్వాత ఉత్త అనలైజ్ కంటే వాక్యూమ్ అనలైజ్ నడపడం మంచి అలవాటు. కొత్తగా ఎక్కిన రికార్డులను మొదటిసారి చదివే సెలెక్ట్ క్వెరీ, ఆ రికార్డు రాసిన ట్రాన్సాక్షన్ పూర్తయిందని పేజీలో గుర్తు వేస్తుంది. ఆ పేజీ మళ్ళీ డిస్కుకు రాయాల్సినదవుతుంది. చదవడమే తప్ప రాయని రిపోర్టు డిస్కు మీద రాతలు పుట్టించడం చూసి విస్తుపోయేవాళ్ళు ఉన్నారు. వాక్యూమ్ ఆ పనినీ ముందే చేసిపెడుతుంది.

క్లౌడ్ స్నాప్‌షాట్ల సంగతి ఇంకోటి. అమెజాన్ ఆర్‌డీఎస్‌లో స్నాప్‌షాట్ నుంచి డేటాబేస్ లేపితే, డేటా అంతా దిగకముందే అది 'అవైలబుల్' అని చూపిస్తుంది. డిస్కులోని బ్లాకులు ఎస్3 నిల్వ నుంచి వెనకాల దిగుతూ ఉంటాయి. ఇంకా దిగని బ్లాకును ఎవరైనా అడిగితే అప్పటికప్పుడు అక్కడినుంచి తెచ్చి ఇస్తుంది. మొదటిసారి చదివే ప్రతి బ్లాకుకూ నెట్‌వర్క్ ప్రయాణం తప్పదు. ఇది తెలియక ఇండెక్సులు తిరగగట్టేవాళ్ళు, క్వెరీలు తిరగరాసేవాళ్ళు ఎందరో. ముఖ్యమైన టేబుళ్ళను ఒకసారి పూర్తిగా చదివించడం ఇక్కడ పనిచేసే ఉపాయం. వర్చువల్ యంత్రాల మీద సొంతంగా డేటాబేస్ నడుపుకునేవారికి ఈబీఎస్‌లో ఫాస్ట్ స్నాప్‌షాట్ రీస్టోర్ అనే సదుపాయం 2019 నుంచి ఉంది. దానికి ప్రత్యేకంగా డబ్బు కట్టాలి. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్ రీజియన్ తెరుచుకున్నాక ముంబయి స్నాప్‌షాట్లను హైదరాబాద్‌కు కాపీ చేసి ఆపత్కాలానికి ఉంచుకోవడం వీలైంది. అలాంటి కాపీ నుంచి సర్వీసును లేపే రోజున ఈ మొదటి స్పర్శ ఖర్చు పూర్తిగా మీద పడుతుంది. ఎన్ని నిమిషాల్లో కోలుకుంటామని పై అధికారులకు రాసిచ్చే కాగితంలో ఆ లెక్క ఉండదు.

డిస్కు క్రెడిట్లు కూడా ఇలాంటివే. జీపీ2 తరహా డిస్కుకు సెకనుకు ఇన్ని చదువు-రాతలు అనే హక్కు దాని పరిమాణాన్ని బట్టి ఉంటుంది. జీబీకి 3 చొప్పున, 100 జీబీల డిస్కుకు 300. దాచుకున్న క్రెడిట్లు ఉన్నంతసేపు 3,000 దాకా పోవచ్చు. గంటల తరబడి సాగిన రీస్టోర్ ఆ క్రెడిట్లన్నీ తాగేస్తుంది. యూజర్లు వచ్చేసరికి డిస్కు 300కు పడిపోయి ఉంటుంది. క్వెరీ ప్లాన్ ఎంత చూసినా ఈ కారణం అందులో దొరకదు.

మారిన పరిసరాలు

రీస్టోర్ ఒంటరిగా జరగడం అరుదు. యంత్రం మారుతుంది, ఆపరేటింగ్ సిస్టమ్ మారుతుంది, 'ఎలాగూ చేస్తున్నాం కదా' అని డేటాబేస్ వెర్షన్ కూడా మారుతుంది. ఒకేసారి నాలుగు మారితే ఏది కారణమో తేల్చడం కష్టం. వెర్షన్ మార్పునూ రీస్టోర్‌నూ వేర్వేరు రోజులకు పెట్టుకోవడమే ఈ వ్యాసకర్త పక్షం.

పీజీడంప్ డేటాబేస్‌ను తెస్తుంది, సర్వర్ సెట్టింగుల ఫైలును తేదు. కొత్త సర్వర్ డిఫాల్ట్ అంకెలతో నిలబడుతుంది. షేర్డ్ బఫర్లు 128 ఎంబీ, సార్టింగ్‌కూ హ్యాష్‌కూ వాడే వర్క్ మెమరీ 4 ఎంబీ, విడి పేజీ చదువు ఖర్చు 4. 64 జీబీల యంత్రం మీద ఈ అంకెలు హాస్యాస్పదం. సార్టింగ్ మెమరీలో పట్టక డిస్కుకు దిగిందని ప్లాన్‌లో కనిపిస్తే ముందు వర్క్ మెమరీ చూడాలి. ఒక డేటాబేస్‌కు ప్రత్యేకంగా పెట్టిన సెట్టింగులు కూడా క్రియేట్ ఆప్షన్ లేకుండా తీసిన డంప్‌లో రావు. ఇంతకంటే సిగ్గుచేటైన కారణం, రీస్టోర్ త్వరగా అవ్వాలని చేసిన తాత్కాలిక మార్పులను తిరిగి సరిచేయకపోవడం. ఆటోవాక్యూమ్‌ను ఆపేసి రీస్టోర్ నడిపి, మళ్ళీ తెరవడం మరిచిపోతే మందగమనం వారాల తరబడి పెరుగుతూ పోతుంది.

ఇండెక్సులు నిజంగా ఉన్నాయో లేదో చూడటం అవమానమేమీ కాదు. పీజీరీస్టోర్ ముందు నిర్మాణాన్ని, తర్వాత డేటాను, చివరగా ఇండెక్సులను, కన్‌స్ట్రెయింట్లను తెస్తుంది. చివరి దశలో డిస్కు నిండిపోయినా, ఒక ఎక్స్‌టెన్షన్ లేకపోయినా ఆ ఇండెక్స్ ఒక్కటే విఫలమై, మిగతా పని ముందుకు సాగిపోతుంది. వేల వరసల లాగ్‌లో ఆ ఎర్రర్ ఎక్కడో మునిగిపోయి ఉంటుంది. పాత, కొత్త డేటాబేస్‌ల ఇండెక్స్ జాబితాలను పక్కపక్కన పెట్టి పోల్చడానికి అయిదు నిమిషాలు చాలు.

భాషా క్రమానికి సంబంధించిన లొకేల్ కూడా చిక్కులు తెస్తుంది. పాత డేటాబేస్ సీ లొకేల్‌లో ఉండి, కొత్తది భారతీయ ఇంగ్లీషు లొకేల్‌లోనో తెలుగు లొకేల్‌లోనో పుడితే, 'ఫలానా అక్షరాలతో మొదలయ్యే పేర్లు' వెతికే లైక్ క్వెరీకి మామూలు ఇండెక్స్ పనికిరాదు. ఇండెక్స్ ఉంటుంది, ప్లానర్ దాన్ని ముట్టుకోదు. టెక్స్ట్ ప్యాటర్న్ ఆప్స్ అనే తరగతితో వేరే ఇండెక్స్ కట్టాలి. ఫిజికల్ బ్యాకప్‌ను పాత లినక్స్ నుంచి కొత్త లినక్స్‌కు మార్చినప్పుడు ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. 2018 ఆగస్టులో వచ్చిన లినక్స్ లైబ్రరీ జీలిబ్‌సీ 2.28 అక్షరక్రమ నియమాలను మార్చేసింది. ఆ గీతకు అటూ ఇటూ ఉన్న యంత్రాల మధ్య ఫైళ్ళు కాపీ చేస్తే అక్షరాల మీది ఇండెక్సులు చెడిపోయి, నెమ్మదించడం అటుంచి, తప్పు జవాబులే వస్తాయి. అక్కడ రీఇండెక్స్ తప్ప మార్గం లేదు.

ఆలస్యంగా బయటపడే ఖర్చు కూడా ఒకటుంది. లాజికల్ రీస్టోర్‌లో టేబుళ్ళన్నీ ఒకే సమయంలో పుడతాయి కాబట్టి వాటి ట్రాన్సాక్షన్ వయసు ఒకటే. 20 కోట్ల ట్రాన్సాక్షన్ల హద్దు దగ్గరపడ్డప్పుడు అన్నింటికీ ఒకేసారి ఫ్రీజ్ వాక్యూమ్ మొదలై డిస్కును ఆక్రమిస్తుంది. అది రీస్టోర్ అయిన నెలల తర్వాత జరుగుతుంది కాబట్టి ఎవరూ రెంటినీ ముడిపెట్టరు.

ఇతర ఇంజన్లలో

మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీలో గణాంకాలు డిస్కు మీద నిలిచి ఉంటాయి, పదిశాతం మారినప్పుడు తిరిగి లెక్కిస్తుంది. కానీ నమూనా డిఫాల్ట్‌గా 20 పేజీలే. రీస్టోర్ తర్వాత అనలైజ్ టేబుల్ నడపడం నష్టం లేని పని. 8.0లో వచ్చిన హిస్టోగ్రాములను మైఎస్‌క్యూఎల్‌డంప్ అడిగితేనే తిరిగి కట్టేలా ఆదేశం రాస్తుంది. ఇక్కడ తరచుగా దెబ్బతీసేది క్యారెక్టర్ సెట్. కొన్ని టేబుళ్ళు పాత యూటీఎఫ్8 మూడు బైట్ల రూపంలో, కొన్ని కొత్త నాలుగు బైట్ల రూపంలో మిగిలితే, వాటిని కలిపే జాయిన్‌లో ఒక వైపు విలువలను మార్చుకుంటూ పోవాలి. ఆ వైపు ఇండెక్స్ వృథా అవుతుంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్ బ్యాకప్ ఫిజికల్ తరహాది. గణాంకాలు వస్తాయి, కంపాటిబిలిటీ లెవెల్ కూడా పాతదే వస్తుంది. రానివి మెమరీ పరిమితి, సమాంతర అమలు పరిమితి, టెంప్‌డీబీ అమరిక, ఎందుకంటే అవి డేటాబేస్‌వి కావు, సర్వర్‌వి. 2014లో రికార్డుల అంచనా పద్ధతినే మార్చారు కనుక, కంపాటిబిలిటీ లెవెల్‌ను రీస్టోర్ రోజునే పెంచేస్తే కొన్ని ప్లాన్లు తిరగబడతాయి. 2016 నుంచి ఉన్న క్వెరీ స్టోర్ డేటాబేస్‌లోనే ఉంటుంది కాబట్టి బ్యాకప్‌తోపాటే వస్తుంది. పాత సర్వర్‌లో ఏ ప్లాన్ నడిచేదో కొత్త సర్వర్‌లో కూర్చుని చూడగలగడం అంటే పోలిక సగం తేలినట్టే. ఈ విషయంలో పోస్ట్‌గ్రెస్ వెనకబడే ఉంది.

ఒరాకిల్ డేటా పంప్ గణాంకాలను తెస్తుంది. వాటిని వదిలేయమని చెప్పి ఇంపోర్ట్ చేసి, ఆపైన సేకరించడం మరిచినప్పుడే గొడవ. ఆటోమేటిక్ సేకరణ పనిదినాల్లో రాత్రి పదింటికి మొదలయ్యేలా అమర్చి ఉంటుంది, పొద్దున రీస్టోర్ చేసినవారు ఆ రోజంతా భరించాలి. అన్నిటికంటే చిన్నదైన ఎస్‌క్యూలైట్ మాత్రం తన డంప్‌లో గణాంకాల టేబుల్‌ను కూడా రాసిపెడుతుంది.

కారణం పట్టుకునే క్రమం

నెమ్మదైన ఒక్క క్వెరీని ఎంచుకుని వరసగా రెండుసార్లు నడపాలి. రెండోసారి వేగం పుంజుకుంటే మెమరీ, డిస్కు వైపు వెళ్ళాలి. రెండుసార్లూ ఒకేలా నెమ్మదిగా ఉంటే ప్లాన్ వైపు వెళ్ళాలి. ప్లాన్‌లో అంచనాకూ వాస్తవానికీ ఎడం ఎక్కువగా ఉంటే గణాంకాలు. ఎడం లేకుండా ప్లాన్ మారితే సెట్టింగులు, ఇండెక్సులు, లొకేల్. ప్లాన్ పాతదే అయి కాలం మాత్రం పెరిగితే యంత్రం. అప్‌డేట్, డిలీట్ క్వెరీలను ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్‌తో కొలిస్తే అవి నిజంగానే అమలవుతాయి కాబట్టి ట్రాన్సాక్షన్‌లో పెట్టి రోల్‌బ్యాక్ చేయాలి.

ఈ పోలికకు పాత ప్లాన్ చేతిలో ఉండాలి. సర్వర్ పడిపోయాక అది దొరకదు. ముఖ్యమైన ఇరవై, ముప్ఫై క్వెరీల ప్లాన్లనూ క్వెరీల కాలాలను నమోదు చేసే పీజీస్టాట్ స్టేట్‌మెంట్స్ ఎక్స్‌టెన్షన్ అంకెలనూ బ్యాకప్‌తోపాటు వారానికోసారి ఫైల్లో దాచుకునే సంస్థలు చాలా తక్కువ. చవకైన బీమా అది. రీస్టోర్ రిహార్సల్ చేసేటప్పుడు కూడా రికార్డులు లెక్కపెట్టి ఆపేయకుండా, అవే క్వెరీలను నడిపి కాలం కొలవాలి. వాక్యూమ్ అనలైజ్‌కు పట్టిన సమయాన్ని రీస్టోర్ సమయంలో కలిపి రాయాలి.

2025 సెప్టెంబరులో విడుదలైన పోస్ట్‌గ్రెస్ 18 ఈ సమస్యను కొంత తగ్గించింది. వెర్షన్ మార్చే పీజీఅప్‌గ్రేడ్ పనిముట్టు ఇప్పుడు గణాంకాలను వెంట తెస్తుంది. రెండు మూడు కాలమ్‌ల మధ్య పొత్తును గుర్తుంచుకునే ఎక్స్‌టెండెడ్ గణాంకాలను మాత్రం తేదు. గణాంకాలు లేని టేబుళ్ళను మాత్రమే వెతికి అనలైజ్ చేసే కొత్త ఆప్షన్‌ను వాక్యూమ్‌డీబీకి చేర్చింది అందుకే. పీజీడంప్‌కు కూడా గణాంకాలను రాసే ఆప్షన్ వచ్చింది. అయితే అది తనంతట తాను రాయదు, ఆదేశంలో అడగాలి.